పక్కపక్కనే ఉన్న రెండు భవనాల్లో ఒకటే ఎందుకు కూలుతుంది?

భూకంపం వచ్చిన నగరాల ఫొటోలు చూస్తుంటే ప్రతిసారీ ఒక దృశ్యం దగ్గర నా చూపు ఆగిపోతుంది. ఒక భవనం అంతస్తు మీద అంతస్తు పడి దొంతరలా అణిగిపోయి ఉంటుంది. దాని పక్క భవనంలో మాత్రం నాలుగో అంతస్తు బాల్కనీలో ఆరేసిన బట్టలు అలాగే వేలాడుతుంటాయి. రెండూ ఒకే వీధిలో ఉన్నాయి, ఒకే క్షణంలో ఊగాయి. ఇంకేముంది, తలరాత అంటారు చూసినవాళ్లు. ఆ మాట నేను ఒప్పుకోలేను. శిథిలాల దగ్గరికి వెళ్లి పరిశీలించిన ఇంజనీర్లకు చాలాసార్లు కారణం కళ్లకు కట్టినట్టు దొరికింది. కింద మట్టిలోనో, గ్రౌండ్ ఫ్లోర్‌లోనో, పిల్లర్ లోపల ఎవరికీ కనబడని ఇనుప రింగులోనో.

ముందు అంకె సంగతి చూద్దాం. భూకంపం వార్త రాగానే రిక్టర్ స్కేలు మీద ఇంత అని చెబుతారు. మన పత్రికలు దాన్ని 'తీవ్రత' అని రాస్తాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది. 7.1, 7.8 లాంటి అంకె చెప్పేది భూమి లోపల విడుదలైన శక్తి గురించి. శాస్త్ర పుస్తకాలు దీన్ని పరిమాణం అంటాయి. ఒక భూకంపానికి పరిమాణం ఒక్కటే. అది 6 నుంచి 7కి పెరిగిందంటే శక్తి సుమారు 32 రెట్లు పెరిగినట్టు. తీవ్రత వేరే సంగతి. మన కాళ్ల కింద నేల ఎంత గట్టిగా ఊగింది, ఏం పగిలింది, ఏం కూలింది అన్నది తీవ్రత. ఒకే భూకంపానికి ఊరికో తీవ్రత ఉంటుంది, ఒక్కోసారి వీధికో తీవ్రత ఉంటుంది. ఇంటికి జరిగే నష్టం ఈ రెండో దాని మీదే ఆధారపడుతుంది.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం దీనికి మంచి ఉదాహరణ. 2010 సెప్టెంబర్ 4 తెల్లవారుజామున అక్కడ 7.1 పరిమాణంతో భూకంపం వచ్చింది. కట్టడాలు దెబ్బతిన్నాయి కానీ కూలిన గోడల కింద పడి ఎవరూ చనిపోలేదు. అయిదున్నర నెలల తర్వాత 2011 ఫిబ్రవరి 22న వచ్చింది 6.2 మాత్రమే. అందులో 185 మంది పోయారు. రెండోది చిన్నదే, కానీ నగరానికి బాగా దగ్గరగా, కొద్ది కిలోమీటర్ల లోతులోనే పుట్టింది. పైగా అది మధ్యాహ్న భోజనాల వేళ. వీధుల నిండా జనం.

దగ్గరగా పుడితే నష్టం ఎక్కువ అంటే అర్థమవుతుంది. మరి దూరంగా పుట్టినా నగరం కూలడం ఏమిటి? దీనికి మెక్సికో సిటీ దగ్గరికి వెళ్లాలి.

ఆ నగరంలో పెద్ద భాగం ఒకప్పటి టెస్కోకో సరస్సు అడుగు మీద ఉంది. 1985 సెప్టెంబర్ 19న వచ్చిన భూకంపం పరిమాణం సుమారు 8. పుట్టింది మాత్రం పసిఫిక్ తీరంలో, నగరానికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో. గట్టి నేల మీద కట్టిన పేటల్లో ఊపు ఓ మోస్తరుగానే ఉంది. సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టిలోకి వచ్చేసరికి అదే అల అయిదు రెట్ల దాకా పెరిగింది. నీళ్ల బకెట్‌ను ఒకసారి కదిపి వదిలి చూడండి. బకెట్ ఆగినా లోపలి నీళ్లు ఒడ్డుకూ ఒడ్డుకూ కొట్టుకుంటూనే ఉంటాయి. ఆ సరస్సు మట్టి కూడా అలాగే దాదాపు రెండు సెకన్లకొకసారి అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది.

ఆ రెండు సెకన్లే కొంప ముంచాయి. ప్రతి భవనానికీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ప్రకారం అంతస్తుల సంఖ్యను పదితో భాగిస్తే, ఒకసారి ఊగి రావడానికి పట్టే సెకన్లు వస్తాయి. రెండంతస్తుల ఇల్లు చురుగ్గా వణుకుతుంది, ఇరవై అంతస్తుల భవనం నిదానంగా ఊగుతుంది. నేల ఊపూ భవనం ఊపూ కలిశాయంటే, ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా తోసినట్టే. ఒక్కో తోపుకీ ఊపు పెరుగుతుంది. ఆ రోజు చిన్న ఇళ్లు చాలావరకు తట్టుకున్నాయి. 1956లో కట్టిన 44 అంతస్తుల టోర్రె లాటినోఅమెరికానా కూడా చెక్కుచెదరలేదు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తుల మధ్యవి.

లెక్క ప్రకారం రెండు సెకన్లంటే ఇరవై అంతస్తులు కదా, మరి పది అంతస్తులవి ఎందుకు కూలాయి? పగుళ్లు పట్టేకొద్దీ భవనం బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గితే ఊపు నెమ్మదిస్తుంది. మొదట్లో నేలతో లయ కలవని పది అంతస్తుల భవనం కొంత దెబ్బతిని, నెమ్మదించి, సరిగ్గా ఆ రెండు సెకన్ల లయలోకి వచ్చి పడింది. గాయపడటం వల్లే ఇంకా పెద్ద దెబ్బకు చిక్కింది. భూకంపాల గురించి చదివినవాటిలో ఇంతగా కలచివేసిన విషయం నాకు ఇంకోటి లేదు. సరిగ్గా 32 ఏళ్ల తర్వాత, 2017లో అదే సెప్టెంబర్ 19న, భూకంపం డ్రిల్ జరిగిన కొద్ది గంటలకే ఆ నగరాన్ని 7.1 భూకంపం కుదిపింది. ఈసారి దగ్గర్లో పుట్టింది, ఊపు చురుగ్గా ఉంది. కాబట్టి దెబ్బ అంతకన్నా పొట్టి భవనాల మీద పడింది. 1985లో బతికి బయటపడ్డ భవనం గట్టిదని అనుకోవడానికి లేదన్నమాట. ఆ లయ దానికి తగలలేదు, అంతే.

కాళ్ల మీద నిలబడ్డ భవనం

ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలతారు. పాదాలు బస్సుతో వెళ్లిపోతాయి, ఒళ్లు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. భవనానికీ అదే జరుగుతుంది. పునాది నేలతో పాటు పక్కకు పోతుంది, పైన ఉన్న బరువు వెనకబడుతుంది. ఎంత బరువుంటే అంత గట్టిగా లాగుతుంది. ఆ లాగుడంతా చివరికి చేరేది కింది అంతస్తుకే.

ఇప్పుడు అపార్ట్‌మెంట్‌ను గుర్తుకు తెచ్చుకోండి. పైన ప్రతి అంతస్తులో ఇటుక గోడలతో గదులుంటాయి. గోడలు పిల్లర్ల మధ్య బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఆ అంతస్తులు బిగించిన పెట్టెల్లా గట్టిగా ఉంటాయి. కింద మాత్రం కార్ల కోసం గోడలు తీసేసి పిల్లర్లు వదులుతారు. అదే స్టిల్ట్ పార్కింగ్. భూమి ఊగినప్పుడు పై పెట్టె మొత్తం ఒక్క ముద్దలా కదులుతుంది, వంగాల్సిన వంపంతా కింద ఉన్న ఆ కాసిని పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్ 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా అక్కడ అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో ఇలా కింద ఖాళీగా ఉన్నవే ఎక్కువ. 1994లో లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో 6.7 భూకంపానికి ఒక చెక్క అపార్ట్‌మెంట్ కింది అంతస్తు నలిగి 16 మంది చనిపోయారు. దేశం వేరు, కట్టిన సరుకు వేరు, తప్పు మాత్రం ఒకటే.

బలహీనమైన అంతస్తు కిందే ఉండాలని కూడా లేదు. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబేలో కొన్ని భవనాల్లో మధ్య అంతస్తు ఒక్కటే మాయమైంది. పాత సిటీ హాల్ భవనంలో ఆరో అంతస్తు నలిగిపోయి, పైవి వచ్చి అయిదో దాని మీద కూర్చున్నాయి. పై అంతస్తులకు బరువు తక్కువ కదా అని అక్కడి నుంచి పిల్లర్ నిర్మాణం మార్చేవాళ్లు. మార్చిన చోటే విరిగింది.

మూల మీది భవనాలకు ఇంకో ఇబ్బంది ఉంది. వీధి వైపు రెండు పక్కలా షట్టర్లు, వెనక రెండు పక్కలా నిండు గోడలు. గోడల వైపు బిగువుగా, షట్టర్ల వైపు వదులుగా ఉండటంతో భవనం ఊగడమే కాదు, మెలి తిరుగుతుంది. ఆ మెలిలో వీధి మూలన ఉన్న పిల్లర్‌కు అందరికన్నా ఎక్కువ దెబ్బ. ఇక సందు వదలకుండా కట్టిన రెండు భవనాలు ఊగినప్పుడు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. రెండింటి స్లాబులూ ఒకే ఎత్తులో ఉంటే కొంత నయం. లేకపోతే ఒకదాని స్లాబు సమ్మెటలా ఇంకోదాని పిల్లర్ నడుముకు తగులుతుంది.

పిల్లర్ లోపలి రింగు

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే పిల్లర్ బతుకు చావులు ఈ చిన్న వస్తువు చేతిలో ఉన్నాయి. పిల్లర్‌లో నిలువుగా లావు చువ్వలు నిలబెడతారు. వాటి చుట్టూ సన్న చువ్వను చతురస్రంగా వంచి, కింది నుంచి పైదాకా వరసగా కడతారు. కట్టేవాళ్లు దాన్ని రింగు అంటారు. చువ్వ రెండు కొనలూ ఒక మూలన కలుస్తాయి. ఆ కొనల్ని ఎలా వంచారన్నదే ప్రశ్న.

తేలిక పద్ధతిలో కొనను లంబకోణంలో వంచి వదిలేస్తారు. అప్పుడది పిల్లర్ పైపొర కాంక్రీటులోనే ఉండిపోతుంది. భూకంపంలో మొదట రాలేది ఆ పైపొరే. అది రాలగానే కొనకు పట్టు పోతుంది, రింగు తెరుచుకుంటుంది. రింగు తెరుచుకుంటే నిలువు చువ్వలు బయటికి ఉబుకుతాయి, మధ్యలో ఉన్న కాంక్రీటు పొడిపొడిగా బయటికి జారుతుంది. పిల్లర్ పొట్టిదైపోతుంది, దానిమీది స్లాబు కిందికి దిగుతుంది. సరైన పద్ధతిలో కొనను లంబకోణం దగ్గర ఆపకుండా మరో సగం, అంటే 135 డిగ్రీల దాకా వంచి, కొక్కెంలా పిల్లర్ నడిమి కాంక్రీటులోకి దించుతారు. పైపొర మొత్తం రాలినా కొక్కెం లోపల దిగబడే ఉంటుంది. పిల్లర్ చిట్లుతుంది కానీ బరువు మోస్తూనే ఉంటుంది. లోపలివాళ్లు మెట్లు దిగి బయటపడటానికి అది చాలు.

రింగుకీ రింగుకీ మధ్య దూరం కూడా అంతే ముఖ్యం. పిల్లర్ పైకొన, కిందికొన దగ్గర వంపు ఎక్కువ. అక్కడ ఈ దూరం 100 మిల్లీమీటర్లు దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 చెబుతుంది. బీమ్, పిల్లర్ కలిసే ముడి దగ్గర రింగులు తొడగడం కష్టం. చువ్వలన్నీ అక్కడే గుమిగూడతాయి, చెయ్యి దూరదు. కష్టమని చాలాచోట్ల అసలు వెయ్యరు. శిథిలాల ఫొటోల్లో ఆ ముడులు విడిపోయి, చువ్వలు నున్నగా బయటికి వచ్చి కనబడటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఒక పూట పని అది.

ఎండుపుల్ల వంచితే ఫట్‌మని విరుగుతుంది, పచ్చికొమ్మ వంగి ఊరుకుంటుంది. మంచి డిజైన్ భవనాన్ని పచ్చికొమ్మలా ఉంచాలని చూస్తుంది. ఎక్కడ వంగాలో కూడా ముందే నిర్ణయిస్తుంది: బీమ్ ముందు లొంగాలి, పిల్లర్ చివరిదాకా నిలవాలి. బీమ్ దెబ్బతింటే ఒక గది పాడవుతుంది, పిల్లర్ పోతే పై అంతస్తులన్నీ వస్తాయి. పెద్ద భూకంపంలో పగుళ్లే రాకూడదన్నది మామూలు భవనాల విషయంలో ఏ నిబంధనల ఉద్దేశమూ కాదు. మనుషులు ప్రాణాలతో బయటికి రావాలి, అంతవరకే. భూకంపం తర్వాత ఇల్లు పనికిరాకుండా పోవచ్చు. ఇది ముందుగా తెలియక చాలామంది మోసపోయామని బాధపడతారు.

నిబంధనలు పనిచేస్తాయనడానికి కోబే సాక్ష్యం. జపాన్ 1981లో నియమాలు గట్టిపరిచింది. ఆ తర్వాత కట్టినవి 1995లో పాతవాటికన్నా ఎంతో మెరుగ్గా నిలబడ్డాయి. చనిపోయిన 6,434 మందిలో ఎక్కువమంది బరువైన పెంకుల కప్పున్న పాత చెక్క ఇళ్లలో నిద్రలో ఉన్నవాళ్లు. నిబంధనలు కాగితం మీదే ఆగిపోతే ఏమవుతుందో తుర్కియే చూపించింది. 1999 భూకంపం తర్వాత అక్కడ మంచి నియమాలే ఉన్నాయి. 2018లో అనుమతి లేని కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేశారు. 2023 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 7.8, తొమ్మిది గంటల తర్వాత 7.5 భూకంపాలు వచ్చాయి. ఆ దేశంలోనే 50,000 మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి.

ఇనుము లేని రాతి, ఇటుక ఇళ్ల కథ చిన్నది, ఘోరమైనది. గోడ తన పొడవు దిశలో తోపును కొంత తట్టుకుంటుంది. అడ్డంగా తోస్తే పుస్తకం నిలబెట్టి తట్టినట్టు పడిపోతుంది. నాలుగు గోడల్నీ కిటికీల పైన ఒక కాంక్రీటు పట్టీ చుట్టి కలిపితే, ఒక గోడ పడబోతుంటే పక్క గోడలు పట్టుకుంటాయి. దాన్నే లింటెల్ బ్యాండ్ అంటారు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారి చుట్టుపక్కల 6.2 భూకంపానికే వేలమంది చనిపోయారు. గుండ్రాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, పైన బరువైన మట్టికప్పు, కలిపి పట్టే పట్టీ ఏదీ లేదు.

వీధిలో నడిచేవాళ్లకు ప్రమాదం ఎక్కువగా పిట్టగోడల నుంచి, ముందు గోడల నుంచి. భవనం కూలకపోయినా ఇవి ముందే ఊడి కింద పడతాయి. 2011లో క్రైస్ట్‌చర్చ్‌లోని కొలంబో వీధిలో పాత ఇటుక గోడ కూలి బస్సు మీద పడి, లోపలివాళ్లు చనిపోయారు. ఊగుతున్నప్పుడు బయటికి పరిగెత్తొద్దు అని చెప్పేది ఇందుకే. గుమ్మం బయటి మొదటి నాలుగడుగుల్లోనే ఇటుకలు పడతాయి.

నేల నీరైపోతే

భవనంలో ఏ లోపమూ లేకున్నా కాళ్ల కింద నేల మోసం చేయవచ్చు. వదులు ఇసుక, దానిలో నిండా నీళ్లు ఉన్న చోట, ఊపుకు ఇసుక రేణువులు దగ్గర పడాలని చూస్తాయి. మధ్యలో చిక్కిన నీళ్లకు దారి ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది, రేణువులు ఒకదాన్నొకటి ఆనుకోవడం మానేస్తాయి. అప్పటిదాకా మేడను మోసిన నేల కాసేపు చిక్కటి ద్రవమైపోతుంది. 1964లో జపాన్‌లోని నీగాతాలో అపార్ట్‌మెంట్లు విరగకుండానే ఒరిగిపోయాయి. ఒకటైతే దాదాపు వెల్లకిలా పడుకుంది. బరువైనవి మునుగుతాయి, లోపల బోలుగా ఉన్న మ్యాన్‌హోళ్లు, భూగర్భ ట్యాంకులు పైకి తేలతాయి.

క్రైస్ట్‌చర్చ్‌లో వీధుల కింద నుంచి లక్షల టన్నుల బూడిదరంగు బురద పైకి వచ్చింది. పారలతో ఎత్తిపోశారు. కానీ అసలు నష్టం కనబడనిది. మురుగు పైపులు పనిచేసేది వాలు వల్ల. నేల ఒకచోట దిగి, ఒకచోట లేస్తే పైపు పగలకపోయినా వాలు పోతుంది, మురుగు వెనక్కి వస్తుంది. ఇల్లు నిటారుగా ఉన్నా అందులో బతకలేని పరిస్థితి. చివరికి దాదాపు 8,000 ఇళ్లున్న స్థలాలను ప్రభుత్వం మళ్లీ ఇళ్లు కట్టడానికి పనికిరావని ఖాళీ చేయించింది. ఎక్కువ చోట్ల కారణం ఈ నేలే.

నీటి పైపు పగిలితే దానివల్ల వచ్చేది దాహం ఒక్కటే కాదు. 1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కో ఊగింది నిమిషం లోపే. కాలింది మూడు రోజులు. పైపులు పగిలి, మంటలార్పేవాళ్లు గొట్టం తగిలిస్తే నీళ్లు రాలేదు. సుమారు 28,000 భవనాలు పోయాయి, అందులో ఎక్కువ భాగం నిప్పుకే. ఆ నగరం గుణపాఠంగా మంటల కోసమే వేరే పైపుల వ్యవస్థ కట్టుకుంది. 1989 భూకంపంలో అదీ కొన్నిచోట్ల పగిలింది. 1915లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం పూడ్చిన నేల మీద ఉన్న మెరీనా పేటలో మంటలు లేస్తే, ఫీనిక్స్ అనే ఫైర్ బోటు సముద్రపు నీళ్లు తోడి ఇచ్చింది. కోబేలోనూ ఇదే బాధ. అక్కడ కూలిన ఇళ్లు సందులకు అడ్డంపడి ఫైరింజన్లు లోపలికి వెళ్లలేకపోయాయి.

ఊపు ఆగాక

తర్వాతి రోజుల్లో అందరిదీ ఒకటే టెన్షన్: ఇంట్లోకి వెళ్లొచ్చా? చాలా దేశాల్లో ఇంజనీర్లు భవనం భవనం తిరిగి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు స్టిక్కర్లు అంటిస్తారు. ఆకుపచ్చ అంటే భద్రం అని జనం చదువుకుంటారు. అసలు అర్థం, త్వరత్వరగా పైపైన చూస్తే ఆపాల్సినంత నష్టం కనబడలేదని మాత్రమే. క్రైస్ట్‌చర్చ్‌లో ఒక టీవీ ఛానల్ ఉన్న సీటీవీ భవనానికి 2010 సెప్టెంబర్ భూకంపం తర్వాత ఆకుపచ్చ స్టిక్కరే పడింది. ఫిబ్రవరిలో అది కూలి 115 మంది చనిపోయారు. డిజైన్‌లోనే లోపాలున్నాయని తర్వాత విచారణ తేల్చింది. పగుళ్లు చూసి వెళ్లే తనిఖీకి డిజైన్ లోపం దొరకదు. దానికి డ్రాయింగులు తెప్పించి చూడాలి.

ఇంజనీర్ వచ్చేలోపు ఇంటివాళ్లు గమనించగలిగేవి కొన్ని ఉన్నాయి. ఇటుక గోడకూ పిల్లర్‌కూ మధ్య గీత గీసినట్టు నెర్రె విచ్చితే సాధారణంగా భయం తక్కువ. రెండు వేర్వేరు వస్తువులు విడిపోయాయి, అంతే. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగిన పగులు గోడ తోపు తిన్నదని చెబుతుంది. అవి రెండు వైపుల నుంచీ వచ్చి ఇంటూ గుర్తులా కలిశాయంటే గోడ అటూ ఇటూ కూడా నలిగింది. పిల్లర్ కొన దగ్గర పెచ్చు ఊడి చువ్వలు కనబడుతున్నా, చువ్వ కొంచెం ఉబికి ఉన్నా, ఇక సామాన్ల కోసం కూడా లోపలికి వెళ్లకూడదు. నిన్నటిదాకా హాయిగా మూసుకున్న తలుపులు ఇవాళ బిగుసుకుపోతే చట్రం పక్కకు ఒరిగిందన్న అనుమానం పెట్టుకోవాలి.

అనంతర ప్రకంపనలు వారాలు, నెలల పాటు వస్తూనే ఉంటాయి. చిన్న పగులైనా రెండు కొనల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన తేదీ రాసి, ఒక ఫొటో తీసుకోండి. తర్వాతి కుదుపు తర్వాత గీత దాటి పగులు ముందుకు వెళ్లిందేమో చూడండి. వెళ్లి ఉంటే ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు. ఇంజనీర్ వచ్చినప్పుడు ముందు ఆ గీతలే చూపించండి.